పదకొండో కాంటా కాడ

బోధన్ నుంచి వర్ని పోయే తోవలో, సంగెంపేట ఇంకో అర కిలోమీటరు ఉందనగా, కాలువ గట్టును ఆనుకొని పదకొండో కాంటా ఉంది. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బళ్లు తూచిన చోటు. ఇప్పుడు తూచడానికి చెరకు లేదు, తూచే గుమాస్తా లేడు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఇనుప పలక, కప్పు కూలిన గది, ఆ గదికి ఒక కిటికీ — అంతే మిగిలింది.

పగలు ఆ నీడన గొర్లు పడుకుంటాయి. పొద్దు గూకిందా... కుక్క కూడా అటు మొహం పెట్టదు.

చీకటి పడ్డాక ఒంటరిగా పోయేవాళ్లను అక్కడ ఎవరో అడుగుతారట. మీద పడరు. వెంట రారు. ఊరికే అడుగుతారు —

"నా పేరు పిలిచిండ్రా?"

పాలు పోసే మనిషి ఒకడు విన్నాడు. కాంటా కాడ వంతు కోసం కూర్చున్న రైతేమో అనుకొని నాలుగడుగులు పోయాక, ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లయిందని గుర్తొచ్చింది. మూడు రోజులు జ్వరం. కోత మిషన్ డ్రైవర్ ఒకడైతే బండి దిగి పరుగెత్తాడు, తెల్లారేదాకా ఇంజన్ ఆడుతూనే ఉంది, డీజిల్ అయిపోయి తనంతట తానే ఆగింది. విన్నవాళ్లంతా పారిపోయినవాళ్లే. జవాబు చెప్పినవాడు లేడు. చెబితే ఏమవుతుందో తెలిసినవాడూ లేడు.

ముఖీత్ చెప్పాడు. అతను చెప్పుకొచ్చిన కథే ఇది.

ముఖీత్‌కు ఇరవై మూడేళ్లు. బోధన్ బస్టాండు దగ్గర చిన్న ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకున్నాడు. గిరాకీ లేని వేళల్లో ఖాళీగా కూర్చునే రకం కాదు. ఒకరోజు రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సిపాయిల పట్టీ ఒకటి ఇంటర్నెట్‌లో కంటపడింది. వేలల్లో పేర్లు. అందులోంచి మన జిల్లా వాళ్లను ఏరితే నలభై ఒక్కరు తేలారు. మోర్తాడ్ దిక్కు ఆరుగురు, బాల్కొండ దిక్కు తొమ్మిది మంది, ఇట్లా ఒక్కో పేరూ పట్టుకొని ఊరూరా బండి మీద తిరిగాడు. పేరు, తండ్రి, ఊరు, వయసు, చనిపోయిన నెలా చోటూ — ఐదు గడులు నింపి, ఆ ఇంటివాళ్లను వెతికి, వాళ్లాయన ఎట్లా పోయాడో చెప్పి రావడం అతని పని. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ ఏమీ ఇయ్యలేదు. ఏడాదిలో నలభై ఇళ్లు దొరికాయి.

ఒక్కటి మిగిలింది.

బాలనర్సయ్య. తండ్రి పోశయ్య. ఊరు సంగెంపేట. వయసు ఇరవై రెండు. 1941 డిసెంబర్, మలయా అడవులు.

పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస అమావాస్య ఇంకో రెండు రోజులుందనగా, మబ్బు పట్టిన మధ్యాహ్నం, ముఖీత్ సంగెంపేటలో బండి దిగాడు. బోధన్‌లో పరిచయమున్న చాయ హోటల్ లింబయ్య పోశయ్య పేరు వినగానే తలాడించాడు.

"గా ఇంట్ల మిగిలింది సత్తవ్వ ఒక్కతే. ఆఖరి గల్లి. కని ముఖీతూ, పొద్దు ఉండంగనే ఎల్లిపో. కాంటా కాడ ఎవలన్న అడిగితే పలకకు."

"రోజు నూరు మంది అడుగుతరు కాక నన్ను. ఆధార్ అయిందా, కార్డు వచ్చిందా అని. ఒక్కలు ఎక్కువైతే ఏమైతది?"

లింబయ్య నవ్వలేదు. "నవ్వినోళ్లంత జ్వరం గోలీలకు నా కాడికే వచ్చిండ్రు" అన్నాడు.

సత్తవ్వకు ఎనభై నాలుగేళ్లు. మనుమని భార్య సుమలత దగ్గర ఉంటుంది. మనుమడు దుబాయిలో. ముఖీత్ ఫోన్ తెరిచి పేరు చదవగానే సుమలత పక్కున నవ్వింది.

"బాలనర్సయ్యనా? నాలుగేండ్ల పోరని చేతికి తుపాకి ఇచ్చిండ్రా తమ్మీ?"

"నాలుగేండ్లు ఏందక్క?"

సత్తవ్వ అందుకుంది. "బాలనర్సయ్య మా పెద్దబాపు, కొడుకా. నాలుగేండ్లప్పుడే అమ్మవారు పోసి పాయె. గిప్పుడు కాంటా ఉన్న జాగల్నే బొంద పెట్టిండ్రు. అప్పుడు గది పసిపోరల బొందలగడ్డ. కాంటా తర్వాత కట్టిండ్రు. గాయన పట్టాళం ఏడికెల్లి పోతడు?"

ముఖీత్ మొహం వాడిపోయింది. నలభై ఒకటిలో నలభై. ఆ ఒక్కటీ తప్పుడు లెక్కేనా?

సత్తవ్వ మాత్రం అతన్ని వదలలేదు. చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు పోయినోళ్ల సంగతి ఎతుకుతవట గద. మా బాపు సంగతి ఎతుకు బిడ్డా. పెంటయ్య ఆయన పేరు. ఇప్పుడుంటె నూటారేండ్లు."

అన్న పోయిన తర్వాత ఏడాదికి పుట్టాడు పెంటయ్య. పుట్టినవాళ్లు దక్కని ఇంట్లో ఏం చేస్తారో అదే చేశారు. పసిగుడ్డును తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు, ఎవరో పారేసిన పిల్లాణ్ని ఏరుకొచ్చినట్టు ఇంటికి తెచ్చుకున్నారు, పెంటయ్య అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే సావు కూడా ముక్కు మూసుకొని పక్కకు తప్పుకుంటదని నమ్మకం.

"నేను మా అమ్మ కడుపుల ఉన్న. దొర చెరకు బండి తోలుకపోయి, కాంటా మీద నిలవెట్టి, ఇప్పుడే వస్త అని పోయిండట. గంతే. ఊరోళ్లు, బొంబాయిల ఇంకో ఇల్లు వెట్టుకున్నడన్నరు. మా అమ్మ రాజవ్వ సచ్చేదాక బొట్టు తుడువలే. బాయి కాడికి పోతె నవ్వేటోళ్లు — నీ మొగడు బొంబాయి చీర పంపిండా అని."

"నూటారేండ్లంటే మాటలా అవ్వ. ఎక్కడున్నా..."

"పోయే ఉంటడు, గది నాకెరుకనే. ఎట్ల పోయిండు? మా అమ్మ పానం పోయేటప్పుడు నాతోని ఒట్టు వెట్టించుకున్నది. నన్ను విడిసిపోయినోడైతె పెత్రమాసకు ఒక్క గింజ ఇయ్యకు బిడ్డా, దిక్కు లేక పోయినోడైతె ఒక్క ఏడు తప్పియ్యకు అని. ఊర్ల అందరు పెద్దలకు బియ్యం ఇస్తరు. నేను చేతులు ముడుసుకొని కూసుంట. యాభై ఏండ్ల సంది గిదే కత. ఎల్లుండి పెత్రమాస. మల్లొక పెత్రమాస నేను చూస్తనా?"

ముఖీత్ ఫోన్‌లో పట్టీ పైనుంచి కింది దాకా చూశాడు. మళ్లీ చూశాడు. నలభై ఒక్క పేర్లలో పెంటయ్య లేడు.

"లేడవ్వా."

"అయితే బొంబాయే" అంది ముసలామె. "సరే. చాయ తాగి పో."

చాయ తాగుతుండగానే వాన అందుకుంది. అది తెరిపి ఇచ్చేసరికి ఎనిమిది దాటింది.

రోడ్డు మీద నరపురుగు లేదు. కాలువ నిండుగా పారుతోంది. కాంటా దగ్గరికి రాగానే ముఖీత్ బ్రేకు నొక్కక తప్పలేదు — రోడ్డుకు సగం దాకా మక్కజొన్న గింజలు ఆరబోశారు. వానకు పైన ప్లాస్టిక్ పట్టాలు కప్పి, అంచుల వెంట రాళ్లు పెట్టారు. మనిషి నడకంత వేగంతో బండి పోనిచ్చాడు.

"అన్నా..."

మక్కల కాపలా మనిషేమో అనుకున్నాడు. గొంతు చాలా మెల్లగా, నిద్రలోంచి లేచినట్టుంది.

"అన్నా... నా పేరు పిలిచిండ్రా?"

సెంటర్లో దినమంతా ఇట్లాంటి మాటలే వినే మనిషి. అలవాటైన నోరు... బుర్ర కంటే ముందే తెరుచుకుంది.

"ఏం పేరు?"

మాట పెదవి దాటాక తెలిసింది — ఎక్కడున్నాడో, ఎవరికి జవాబిచ్చాడో.

కప్పల అరుపు ఆగిపోయింది. ఒక్కసారిగా, గొంతులన్నీ ఎవరో పిడికిట్లో నొక్కినట్టు. కాలువ నీళ్ల చప్పుడు కూడా వినబడలేదు.

"పేరు... లేదు."

కిటికీ వైపు నుంచి కాదు. గది లోపల నుంచి కాదు. ఇనుప పలక మీద నుంచి. నేలకు దగ్గరగా.

"తమ్ముడు పట్కపోయిండు."

ముఖీత్ చేతులు హ్యాండిల్‌కు అతుక్కుపోయాయి. తల తిప్పకూడదు అనుకున్నాడు. తిప్పలేదు. హెడ్‌లైట్ వెలుగు ముందున్న పట్టాల మీద పడుతోంది. వెనక అంతా చిమ్మచీకటి.

"ఇప్పుడే తెస్త అన్నడు... ఇగ తేలే."

కిర్ర్...

ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన పలక. నలభై గొర్లు ఎక్కినా కదలని పలక. అది కదిలింది. దాని మీద నుంచి ఏదో దిగినట్టు, బరువు తగ్గినట్టు, సన్నగా మూలిగింది.

తర్వాత అడుగులు. తడి నేల మీద చిన్న చిన్న అడుగులు... ఒకటి... రెండు... మూడు...

ఏడో అడుగుకు అతని చొక్కా అంచును ఎవరో పట్టుకున్నారు. కింద నుంచి. అమ్మ కొంగు పట్టుకొని లాగినట్టు, ఊరికే, ఒకసారి లాగి —

"యా అల్లా!"

బండి మక్కల మీదికి ఎక్కింది. పట్టా చిరిగింది, గింజలు జారాయి, అతనూ బండీ కలిసి పడ్డారు. మోకాలు చీరుకుపోయింది. ఎట్లా లేచాడో, ఎట్లా బండి ఎత్తాడో తెలియదు. బోధన్ వీధి దీపాలు కనపడేదాకా ఊపిరి పీల్చిన గుర్తు కూడా లేదు. ఇంటికి పోయి బూట్లు విప్పితే దోసెడు మక్కలు రాలాయి.

ఆ రాత్రి దుప్పటి తల దాకా కప్పుకున్నా వణుకు తగ్గలేదు. కళ్లు మూస్తే చొక్కా అంచు లాగినట్టే ఉంది. తెల్లవారుజామున లేచి కూర్చున్నాడు. భయపడ్డ మనిషి దేవుణ్ని తలుచుకుంటాడు, ముఖీత్ అదీ చేశాడు. ఆ పైన మనసు కుదుటపడటానికి అంకెలు పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

బాలనర్సయ్య నాలుగేళ్లకు పోయాడు. ఆ తర్వాత ఏడాదికి పెంటయ్య. అంటే అన్నదమ్ములకు ఐదేళ్ల తేడా. పెంటయ్య ఇప్పుడుంటే నూటఆరు... అంటే 1919లో పుట్టాడు. 1941కి ఎంత?

ఇరవై రెండు.

పట్టీలో సిపాయి వయసు ఇరవై రెండు. అన్న బతికి ఉంటే ఇరవై ఏడు ఉండాలి.

తమ్ముడు పట్కపోయిండు...

ల్యాప్‌టాప్ తెరిచాడు. తాను తయారు చేసుకున్న పట్టీ కాదు, దానికి మూలమైన పేజీ. అందులో ఆరో గడి ఒకటి ఉండేది — భార్య పేరు. నలభై ఒక్కరిలో ఇరవై తొమ్మిది మందికి అది ఖాళీ. ఎందుకీ ఖాళీ గడులని మొదటి రోజే దాన్ని తీసి పారేశాడు. మిగిలిన పన్నెండు మందిని మళ్లీ చూడనే లేదు.

బాలనర్సయ్య. తండ్రి పోశయ్య. భార్య — రాజవ్వ.

తెల్లారి అతను ఆ పేరు చదివి వినిపించినప్పుడు సత్తవ్వ ఏడవలేదు. రాత్రి కాంటా కాడ జరిగింది చెప్పినప్పుడూ బెదరలేదు. సుమలతే గోడకు ఆనుకొని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పెంటయ్య అంటె పట్టాళంల నవ్వుతరని సిగ్గువడ్డడు" అంది ముసలామె మెల్లగా. "సచ్చిన అన్న పేరు చెప్పిండు. పెంట పేరు మీది నుంచి తీసేసిండు గద... సావు ఆయనను గుర్తువట్టింది."

మళ్లీ తనే అంది. "ఒక కాయితం వచ్చిందట, కొడుకా. నేను పాకేటప్పుడు. పోశయ్య కొడుకు బాలనర్సయ్య అని ఉన్నదట. పట్వారి సదివి నవ్విండట — గా పోరడు పోయి ఇరవై నాలుగేండ్లాయె, సర్కారుకు ఇప్పుడు ఎరుకైందా అని. ఎనుకకు పంపిండు. మా అమ్మ గాడనే ఉన్నదట. పట్వారి ఇంట్ల వాకిలి ఊడుస్తున్నదట."

సత్తవ్వ చెయ్యి నేల మీద ఊడ్చినట్టు కదిలింది.

"ఆమె ముంగటికెల్లే పోయింది కాయితం."

పెత్రమాస పొద్దున సత్తవ్వ మొట్టమొదటిసారి బియ్యం చాటలో పోసింది. కూరగాయలు, చింతపండు, ఉప్పు, పప్పు, ఏదీ తక్కువ చెయ్యలేదు. పేరు అడిగిన అయ్యగారికి గట్టిగా చెప్పింది — పెంటయ్య. కాగితంలో ఇంకో పేరుంది కదా అంటే, "గది ఇంకొకనిది. వానిది వానికియ్యాలె" అంది.

పక్కనే ఉన్న ముఖీత్‌కు ఆ మాట ఎటు పోతుందో అప్పుడే అర్థమైంది.

"నేను రాను అవ్వ. కసం, నాతోని కాదు."

"నన్ను అడుగలే. నిన్ను అడిగిండు. పలికింది నువ్వు."

ఆ సాయంత్రం ఊళ్లో ఎంగిలిపూల బతుకమ్మ. ఆడవాళ్లంతా బొడ్రాయి దగ్గర చేరారు. సుమలత బతుకమ్మ పళ్లెం ఎత్తుకొని, ముసలామెను చూసి, ముఖీత్‌ను చూసి, "జల్ది తీస్కరా తమ్మీ" అని మాత్రం అంది. అర కిలోమీటరు దారి. సత్తవ్వ నడకకు నలభై నిమిషాలు పట్టింది. అమావాస్య చీకటి. ముఖీత్ ఫోన్ లైటు ఆమె కాళ్ల ముందే వేశాడు. అంతకంటే పైకి ఎత్తే ధైర్యం లేదు.

పలక ముందు ఆమె ఆగింది. ఊళ్లోంచి పాట, చప్పట్లు సన్నగా వినిపిస్తున్నాయి.

"బాలనర్సయ్యా!"

ఏమీ లేదు.

"బాలనర్సయ్యా... నీ పేరు నీకు తెచ్చిన బిడ్డా. ఇగ ఎవ్వలు తీస్కపోరు."

చప్పట్లు ఆగిపోయాయి. పాట ఆగిపోయింది. ఊరే ఆగిపోయిందో, తమ చెవులే మూసుకుపోయాయో ముఖీత్‌కు తెలియలేదు.

కిర్ర్...

"ఉన్న" అంది గొంతు.

బడిలో హాజరు పలికే పిల్లాడి గొంతు. అయిపోయింది, ఇక పోదాం అని ముఖీత్ ఆమె భుజం పట్టి లాగాడు. ఆమె కదలలేదు. రాతి గుంజలా నిలబడింది.

"వద్దవ్వా... చాలు..."

"ఉండు కొడుకా." చీకట్లోకి వంగింది. "బిడ్డా, మరి నీ తమ్ముడేడి?"

పలక మీద ఏదో ఇటు బరువు అటు మార్చుకున్నట్టు, చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఇనుము మూలిగింది. తర్వాత అదే గొంతు, గుసగుసగా —

"నీ ఎన్కనే ఉన్నడు, అవ్వా."

వెనక నుంచి తడి గుడ్డ వాసన, కుళ్లిన ఆకుల వాసన. మన దిక్కు మట్టి వాసన కాదది. ఎవరో చాలా దూరం నడిచి వచ్చి నిలబడ్డట్టు, ఊపిరి... ఆగి... ఆగి...

ముఖీత్ తిరగలేదు. ఫోన్ చేతిలోంచి జారి నేలలో కూరుకుంది, అంచు నుంచి సన్నటి వెలుగు మాత్రం మిగిలింది. కళ్లు గట్టిగా మూసుకోబోయాడు, అవీ మాట వినలేదు. పలక వైపే చూస్తూ నిలబడిపోయాడు.

సత్తవ్వ తిరిగింది.

పక్క చూపులో ఆమె చెయ్యి మాత్రం కనిపించింది. పైకి లేచింది. ఆమె తల కంటే పైకి, ఇంకా పైకి, ఒక మనిషి మొహమంత ఎత్తుకు. అక్కడ గాలిలో ఆగింది. వేళ్లు మెల్లగా వంగాయి, ఒక చెంప మీద ఆనినట్టు. ఆ చెంప మీద నుంచి నుదుటికి, నుదుటి నుంచి ముక్కు మీదికి, ఇంకా మీసం సరిగా రాని పెదవి మీదికి...

"అయ్యో బాపూ!" అంది సత్తవ్వ. "గింత పోరనివా?"